వంగిన చెక్క అచ్చు, గట్టిపడిన సిరా

నీళ్లలో నానబెట్టి మిద్దె మీద ఆరేసిన, ముద్రణకు వాడే చెక్క అచ్చు వంగిందనీ, గీతల్లో నూనె సిరా గట్టిపడిందనీ మీరు రాశారు. తిరుపతి ఎండకు తడి చెక్కను అప్పగిస్తే అంతేనండి! లోపలికి గుంటపడిన వైపు తడిగుడ్డ పరిచి, ఆ వైపు కిందికి ఉండేలా చదునైన బల్లపై పెట్టి, పైన బరువు ఉంచండి. అటు చెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది, వంపు చాలావరకు సర్దుకుంటుంది. తర్వాత నీడలో నిలువుగా ఆరనివ్వండి.

సిరాకు వంటనూనె రాసి కాసేపు వదిలి, పాత టూత్‌బ్రష్‌తో గీత వెంబడి రుద్దండి. మొండి మరకకే టర్పెంటైన్, అదీ గుడ్డకు అద్ది. ఇనుప బ్రష్ మాత్రం వద్దు, సన్నగీతలు పోతాయి. శ్రీకాళహస్తి కలంకారీ వాళ్లకు చేతిలో కలమే కాబట్టి ఈ బాధ లేదు!

అచ్చు చెక్కే ఉలులను తోలుపట్టీపై నూరి, మిషన్ నూనె పూయండి. సిరా తుడిచిన గుడ్డల్లో అవిసె నూనె ఉంటుంది. ముద్దగా పడేస్తే వాటంతట అవే అంటుకోగలవు, విడివిడిగా ఆరేయండి.