బలెనో కారుకి 185/65 ఆర్15 టైరు బదులు 195/65 వేయించొచ్చా? 88హెచ్ అంటే ఏమిటి?

బెంగళూరు మారతహళ్లి షాపులో 185/65 స్టాక్ లేదని 195/65 చూపించారు, వెడల్పు పది పెరిగితే గ్రిప్ పెరుగుతుందన్నారు అని రాశారు. వద్దండి. వేయించినా కొంప మునిగిపోదు గానీ, కొలత మారేది వెడల్పు ఒక్కటే కాదు.

185 అనేది టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. తికమకంతా 65 దగ్గరే. అది మిల్లీమీటర్లు కాదు, శాతం. రిమ్ అంచు నుంచి రోడ్డు దాకా టైరు ఎత్తు, ఆ వెడల్పులో 65 శాతం. 185కి అది 120.25 మి.మీ., 195కి 126.75. అంటే 65 అలాగే ఉన్నా ఎత్తు పెరిగిపోయింది. ఆర్ అంటే రేడియస్ అనుకుంటారు చాలామంది, కాదు, రేడియల్ టైరని గుర్తు. 15 రిమ్ వ్యాసం, అంగుళాల్లో.

ఇప్పుడు కూడండి. 15 అంగుళాలు 381 మి.మీ., పైనొక 120.25, కిందొక 120.25, మొత్తం 621.5. అదే 195/65కి 634.5. రెండు శాతం పెద్దది. మీటరు 100 చూపిస్తుంటే బండి నిజంగా 102లో వెళ్తుంది. స్టెప్నీ, మిగతా టైర్లు పాత సైజువే కాబట్టి చక్రాల్లో తేడా వస్తుంది. ఒకే యాక్సిల్ మీద, అంటే ముందు జతలో గానీ వెనక జతలో గానీ, రెండు సైజులు అసలే పెట్టకూడదు. 195 తప్పదనుకుంటే 195/60 దగ్గరి కొలత, 615 వస్తుంది. అయినా 185/65 దొరకని సైజేమీ కాదు, జేసీ రోడ్డులో నాలుగు షాపులకు ఫోన్ చేసి చూడండి.

16 అంగుళాల అల్లాయ్ రిమ్‌లు అంటగడితే 195/55 ఆర్16 చక్రం ఎత్తు దాదాపు సమానమే (620.9), కానీ రబ్బరు ఎత్తు 107కి పడిపోతుంది. బెంగళూరు గుంతల్లో ఆ 13 మి.మీ. తేడా బాగా తెలుస్తుంది. దెబ్బ నేరుగా రిమ్‌కి తగులుతుంది, టైరు పక్కన బుడగ లేస్తుంది. బుడగంటే లోపల దారాలు తెగాయని అర్థం. దానికి ప్యాచ్ లేదు, టైరు మార్చాల్సిందే.

ఇక సైజు పక్కన ఉండే 88హెచ్‌లో 88 మోయగల బరువుకి కోడ్, ఒక్కో టైరుకి 560 కిలోలు. హెచ్ అంటే 210 కి.మీ. వేగం వరకు. 82 అని ఉన్న టైరు 475 కిలోలే మోస్తుంది. మాన్యువల్‌లో ఉన్న అంకెకి తక్కువది ఎంత చవకైనా తీసుకోవద్దు. ఇంకో మాట, ఆ 560 సరైన గాలి ఉంటేనే. అయిదుగురు, సామానుతో తిరుపతి బయల్దేరి గాలి తక్కువగా ఉంటే టైరు పక్కలు మడతపడి వేడెక్కుతాయి, పేలేది అక్కడే. టైరు మీద రాసిన పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి) గరిష్ఠ పరిమితి మాత్రమే. కొట్టించాల్సిన గాలి డ్రైవర్ డోర్ తెరిస్తే కనిపించే స్టిక్కర్ మీద ఉంటుంది.

బిల్లు వేయించే ముందు టైరుని దొర్లించి రెండు పక్కలా చూడండి. డీఓటీ అక్షరాల వరుస చివర నాలుగంకెలు తరచు ఒక పక్కే ఉంటాయి, బిగించాక లోపలికి పోతే కనిపించవు. 3524 అంటే 2024లో 35వ వారం తయారీ. పక్కన బాణం గుర్తుంటే అది చక్రం తిరిగే దిశకే ఉండాలి. వాల్వులు మాత్రం కొత్తవి వేయించండి.