హైపో వాసన ఎరుగని మనవరాలికి

చిరంజీవి మనవరాలికి తాత ఆశీర్వదించి వ్రాయునది.

గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల వీధుల్లో పూలు కట్టే ముసలివాళ్లను ఫోనుతోనే నలుపు తెలుపుల్లో ఫోటోలు తీయడానికి నువ్వు మూడు నెలలు సెలవు పెట్టావని మీ నాన్న చెప్పాడు. డార్క్‌రూములో ముప్పై ఏళ్లు గడిపినవాడికి అంతకంటే సంతోషం ఏముంటుంది? అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకో చివర చెబుతాను.

తీసే ముందు లెన్సును మెత్తటి గుడ్డతో తుడుచుకో. వేళ్లతో జూమ్ చేయకుండా నాలుగడుగులు ముందుకు నడువు. ముఖాలను నునుపు చేసే బ్యూటీ మోడ్ ఆపేయి, ఆ ముడతల కోసమే కదా నువ్వు వెళుతున్నది. ఎవరినైనా అడిగి తీయి. వద్దంటే నమస్కారం పెట్టి కదిలిపో.

వెలుగు విషయంలో మాత్రం నా పాత అలవాట్లు నీకు పనికిరావు. మేము ‘ఇందు’ అనే పేరుగల నలుపు తెలుపు ఫిల్ములో నీడలను చూసి ఎక్స్‌పోజర్, అంటే ఎంత వెలుగు లోపలికి పోవాలో, పెట్టేవాళ్లం, ఎందుకంటే నెగటివులో నీడ పడకపోతే దాన్ని ఎవరూ తేలేరు. ఫోనులో ఇది తలకిందులు. మిట్టమధ్యాహ్నం ఎండలో తెల్లపంచె ఒకసారి పూర్తిగా తెల్లబారిపోతే అందులోని మడతలు ఇక తిరిగి రావు కాబట్టి, తెరపై ఆ పంచె మీదే వేలుపెట్టి నొక్కి ఉంచి, వెలుగును కొద్దిగా కిందికి దించి తీయి. చంద్రగిరి రాజమహల్‌కు కూడా పొద్దునో సాయంత్రమో వెళ్లు, ఏటవాలు ఎండ పడితేనే ఆ ఆర్చీల లోతు తెలుస్తుంది.

రంగులను మరచిపోతే నలుపు తెలుపు వస్తుందని అనుకోకు. ఎర్ర గులాబీ, పచ్చని మరువం కంటికి ఎంత వేరుగా కనిపించినా, బూడిదరంగులోకి మారేసరికి రెండూ దాదాపు ఒకటైపోయి మాల కాస్తా ముద్దలా కనిపించవచ్చు. ఫోటోలు సవరించే స్నాప్‌సీడ్ యాప్‌లోని బ్లాక్ అండ్ వైట్‌లో ఎరుపు ఫిల్టరు పెట్టి చూడు, గులాబీ తేలికపడి ఆకు ముదురుతుంది. శేషాచలం కొండల మీది మబ్బుల కోసం నేను లెన్సుకు పసుపు గాజు తగిలించేవాడిని. నీకు ఆ గాజు బరువు కూడా లేదు. అయితే ఈ మార్పు చేయడానికి రంగుల అసలు ఫోటో నీ దగ్గర ఉండాలి. నా నిద్ర పోయింది దీని గురించే.

1979 వేసవిలో నా తోబుట్టువైన మీ అవ్వ పెండ్లి ఫోటోలు నేనే తీశాను. ఊరంతా నీళ్లకు కటకట, నా స్టూడియో తొట్టిలో మూడు బిందెల నీళ్లున్నాయి. ఫోటో చెదిరిపోకుండా నిలబెట్టే మందును హైపో అంటారు; ప్రింట్లకు పట్టిన ఆ హైపో పూర్తిగా వదలాలంటే ఆ మందపాటి కాగితాన్ని పారే నీటిలో గంటసేపు కడగాలని నాకు తెలుసు. తెలిసి కూడా, మరుసటి ఉదయానికి ఆల్బం ఇస్తానని గొప్పగా మాట ఇచ్చినందుకు, అదే నీళ్లలో పది నిమిషాలు అటూ ఇటూ తిప్పి ఆరబెట్టేశాను. నెగటివులకూ అదే మర్యాద చేశాను. ఫోటోలు అద్భుతంగా కనిపించాయి, మా నాన్న నన్ను నలుగురిలో మెచ్చుకున్నాడు. మిగిలిపోయిన హైపో, లోపల బొమ్మగా నిలిచిన వెండిని తింటూ పోతుందని ఆ రోజు ఎవరికి కనిపిస్తుంది? ఏడెనిమిదేళ్లకు అంచులు పచ్చబడ్డాయి. తర్వాత తలంబ్రాలు పోస్తున్న మీ అవ్వ ముఖం గోధుమరంగు మరకలోకి జారిపోయింది. మళ్లీ ప్రింటు వేద్దామంటే నెగటివులదీ అదే గతి. మీ అవ్వ ఒక్కనాడూ నన్ను నిందించలేదు. ఆల్బం తెరిచినప్పుడల్లా ఆ పేజీని మాత్రం త్వరగా తిప్పేసేది.

అందుకే కోప్పడి చెబుతున్నాను: నలుపు తెలుపు చేసుకున్నాక ఫోనులో జాగా చాలదని అసలు ఫోటోను చెరిపేశావంటే ఊరుకోను. ప్రతి రాత్రీ అన్నం తినే ముందే అసళ్లను ఒక హార్డ్‌డిస్కులోకి, ఇంకో నకలును మీ నాన్న కంప్యూటర్లోకి ఎక్కించు. ఆ ముసలివాళ్లలో కొందరికి అదే ఆఖరి ఫోటో కావచ్చు తల్లీ.

వచ్చే ఆదివారం భోజనానికి ఇక్కడికే రా. ఆ ఆల్బం బీరువాలోంచి తీసి ఉంచుతాను. కిటికీ పక్కన నీడలో పెట్టి, మెరుపు పడకుండా ప్రతి పేజీనీ నీ ఫోనుతో రంగుల్లోనే తీయి. మీ అవ్వ ముఖంలో ఇంకా ఎంత మిగిలి ఉంటే అంత.