పాత సైకిళ్లతో చాపర్: ఫోర్కు సాగదీసే ముందు వెనక చక్రం మార్చి చూడండి

మీ దగ్గర 26 అంగుళాల పాత సైకిళ్లు రెండు, 20 అంగుళాల పిల్లల సైకిలు ఒకటి, ఒక స్కూటర్ సీటు ఉన్నాయన్నారు. ముందు ఫోర్కుకి ఒక అడుగు పైపు అతికిస్తే చాపర్ (ముందు ఫోర్కు సాగి, ఫ్రేము వెనక్కి వాలి ఉండే బండి) అవుతుందా, తొక్కడానికి వీలుగా ఉంటుందా అని అడిగారు. చూడటానికి చాపర్ లాగే ఉంటుంది. తొక్కడానికి మాత్రం బాగోదు. తుక్కు సామానుతో ఇలాంటివి కట్టినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, మీ దగ్గరున్న సామానుతోనే అంతకన్నా మంచి దారి ఉంది.

అడుగు పైపు ఎందుకు వద్దంటున్నానో ముందు చెబుతాను. మామూలు సైకిల్లో హెడ్ ట్యూబ్, అంటే ఫోర్కు పైభాగం దూరే ఫ్రేము ముందు గొట్టం, నేలకి సుమారు 72 డిగ్రీల కోణంలో ఉంటుంది. హ్యాండిల్ తిరిగే ఆ గీతను నేల దాకా పొడిగిస్తే, అది టైరు నేలను తాకే చోటుకి కాస్త ముందు పడుతుంది. ఈ రెండింటి మధ్య దూరాన్ని ట్రెయిల్ అంటారు. 26 అంగుళాల చక్రం, కింద 45 మిల్లీమీటర్లు ముందుకు వంగిన ఫోర్కు ఉంటే ట్రెయిల్ 60 మిల్లీమీటర్ల పైచిలుకు వస్తుంది. చేతులు వదిలినా సైకిలు తిన్నగా పోవడంలో దీని పాత్ర చాలా ఉంది. ఫోర్కు అడుగు పెంచితే హెడ్ ట్యూబ్ వెనక్కి వాలి కోణం 57-58 డిగ్రీల దగ్గరికి పడిపోతుంది, ట్రెయిల్ 155-165 మిల్లీమీటర్లకు చేరుతుంది. వేగంగా పోయేటప్పుడు బండి నిలకడగానే ఉంటుంది. నెమ్మదిగా పోతూ మలుపు తిప్పబోతే మాత్రం హ్యాండిల్ దానంతటదే పక్కకి పడిపోతుంది. అలా పడే గుణం మామూలు సైకిలుతో పోలిస్తే దాదాపు నాలుగింతలు అవుతుంది. పైగా పెడల్ ఇరుసు ఉండే గొట్టం, అంటే బాటమ్ బ్రాకెట్, 12 సెంటీమీటర్ల దాకా పైకి లేస్తుంది. సీటు మీద కూర్చుంటే కాళ్లు నేలకి అందడం కష్టం.

ఇప్పుడు నేను చేసే పద్ధతి. 26 అంగుళాల ఫ్రేముని ఎక్కడా కోయకుండా, వెనక 20 అంగుళాల చక్రం బిగించండి. టైరుతో కలిపి కొలిస్తే చక్రం వ్యాసార్ధం సుమారు 335 నుంచి 250 మిల్లీమీటర్లకు తగ్గుతుంది, అంటే వెనక భాగం ఎనిమిదిన్నర సెంటీమీటర్లు దిగుతుంది. ఆ తర్వాత ఫోర్కుని పది సెంటీమీటర్లు మాత్రమే పెంచండి. రెండూ కలిస్తే ఫ్రేము మొత్తం పది డిగ్రీల దాకా వెనక్కి వాలుతుంది. హెడ్ ట్యూబ్ 62 డిగ్రీలకు వస్తుంది, సీటు గొట్టం కూడా దానితో పాటు వాలి చాపర్ రూపం దానికదే వచ్చేస్తుంది. ముందు లేచిన దాని వల్ల బాటమ్ బ్రాకెట్ నాలుగు సెంటీమీటర్లు పైకి, వెనక దిగిన దాని వల్ల ఇంచుమించు ఐదు సెంటీమీటర్లు కిందికి. అంటే దాదాపు ఉన్న చోటే ఉంటుంది. ట్రెయిల్ 125 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. మామూలు సైకిలుకి ఇది రెట్టింపే, కానీ కాసేపు తొక్కితే చేతులకి అలవాటు పడే లెక్క ఇది. వెనక చక్రం చిన్నదైతే తొక్కడం కూడా తేలికవుతుంది. చాపర్ మీద సీటు వదిలి లేచి తొక్కలేం కాబట్టి అది బాగా పనికొస్తుంది.

చక్రాల సైజుతో రూపం తేవడం కొత్తేమీ కాదు. 1963లో ష్విన్ కంపెనీ స్టింగ్-రే సైకిలు తెచ్చినప్పుడు దానికి పొడవాటి ఫోర్కు లేదు. 20 అంగుళాల చక్రాలు, ఎత్తయిన హ్యాండిల్, పొడవాటి అరటిపండు సీటు, అంతే. తర్వాత వచ్చిన రాలీ చాపర్‌లో ముందు చక్రం 16 అంగుళాలు, వెనకది 20. నాకైతే ముందు పెద్ద చక్రం, వెనక చిన్న చక్రం ఉన్న బండే నచ్చుతుంది. గతుకుల రోడ్డు మీద పెద్ద ముందు చక్రం హాయిగా పోతుంది.

ఒక చిక్కు ఉంది. 26 అంగుళాల ఫ్రేము మీదున్న వెనక బ్రేకు రబ్బర్లు 20 అంగుళాల రిమ్ముకి అందవు. అందుకే వెనక హబ్బులోనే, అంటే చక్రం మధ్య ఇరుసు చుట్టూ ఉండే భాగంలోనే, బ్రేకు ఉండే చక్రం కావాలి, అంటే పెడల్ వెనక్కి తొక్కితే పట్టే కోస్టర్ బ్రేకు గానీ డ్రమ్ము బ్రేకు గానీ. కోస్టర్ హబ్బు అయితే విప్పి కిరోసిన్‌తో కడిగి, వేడి తట్టుకునే కొత్త గ్రీజు పెట్టండి. దాని పక్కన ఒక ఇనుప పట్టీ చెయ్యిలా బయటికి వస్తుంది, దాన్ని చైను లేని ఎడమ వైపు కింది ఫ్రేము గొట్టానికి క్లాంపుతో గట్టిగా బిగించాలి. అది ఊడితే బ్రేకు పట్టినప్పుడు పట్టీ ఇరుసుతో పాటు తిరిగిపోతుంది, బండి ఆగదు. పిల్లల సైకిలు హబ్బు వెడల్పు తక్కువ ఉంటే ఇరుసుకి రెండు వైపులా వాషర్లు వేసి సరిచేయవచ్చు, కాకపోతే చైను ముందు పళ్ల చక్రానికి తిన్నగా వస్తోందో లేదో చూసుకుంటూ వేయాలి.

ఫ్రేము వాడే ముందు అది వంగిందో లేదో చూడటానికి దారం చాలు. వెనక ఇరుసు కూర్చునే ఒక చీలికకు దారం కట్టి, హెడ్ ట్యూబ్ చుట్టూ తిప్పి, రెండో చీలికకు బిగుతుగా లాగి కట్టండి. సీటు గొట్టానికి అటూ ఇటూ దారం ఎంత దూరంలో ఉందో స్కేలుతో కొలవండి. రెండు వైపులా ఒకటే వస్తే ఫ్రేము తిన్నగా ఉన్నట్టు. మిల్లీమీటరో రెండో తేడా అయితే నడుస్తుంది, అంతకు మించితే రెండో ఫ్రేము తీసుకోండి. హెడ్ ట్యూబ్ దగ్గర గొట్టాలు కలిసే చోట పెయింటు గీకి వెలుతురులో చూడండి. వెంట్రుక లాంటి పగులు కనిపించినా ఆ ఫ్రేము తుక్కులోకే.

ఇక ఫోర్కు. అన్నిటికన్నా జాగ్రత్తగా చేయాల్సిన పని ఇదే. ఫోర్కు కాళ్లు పైన కోడిగుడ్డు ఆకారంలోనో గుండ్రంగానో ఉండి కిందికి పోయేకొద్దీ సన్నబడతాయి. సన్నబడే చోట కోసి ఇంకో ఫోర్కు కాలు దూర్చి కొట్టేసే పద్ధతి చాలా చోట్ల కనిపిస్తుంది. అది చేయొద్దు. గతుకులో పడ్డ ప్రతిసారీ ఆ అతుకు దగ్గరే వంగుతుంది, ఒక రోజు విరుగుతుంది. కాళ్లు పైభాగంలో, గొట్టం ఒకే సైజులో ఉన్న చోట కోసి, మధ్యలో అదే సైజు గొట్టం పది సెంటీమీటర్ల ముక్క పెట్టండి. లోపల బిగుతుగా కూర్చునేలా ఒక ఉక్కు గొట్టాన్ని ఆకురాయితో రుద్ది సరిచేసి, అతుకుకి ఇటు అటు కనీసం ఐదేసి సెంటీమీటర్లు లోపలికి పోయేలా పెట్టండి. బయటి గొట్టానికి నాలుగైదు చోట్ల చిన్న రంధ్రాలు వేసి, వాటిలోంచి లోపలి గొట్టానికి వెల్డింగ్ పెట్టాక, చివర్లో అతుకు చుట్టూ వెల్డింగ్ చేయాలి. సైకిలు గొట్టం మందం ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్లే ఉంటుంది, కరెంటు ఎక్కువ పెడితే రంధ్రం పడిపోతుంది. మీ చెయ్యి ఇంకా కుదరకపోతే ముందు పారేసే గొట్టాల మీద అలవాటు చేసుకోండి, లేదా ఈ అతుకుల వరకు అనుభవమున్న వెల్డర్‌తో చేయించండి. కాళ్లు రెండూ సమానంగా రావాలంటే ఇరుసు బిగించి, చక్రం పెట్టి చూసుకుంటూ ముందు వెల్డింగ్ చుక్కలు మాత్రమే పెట్టించుకోండి. జింకు పూత ఉన్న నీళ్ల పైపుని మాత్రం అలాగే వెల్డింగ్ చేయకండి. ఆ పొగ పీలిస్తే చలిజ్వరం పట్టుకుంటుంది. పూత గ్రైండ్ చేసి, ఆరుబయట గాలి తగిలే చోట చేయాలి.

సీటు విషయంలో చాలామంది చూపంతా అందం మీదే ఉంటుంది, బరువు ఎక్కడ పడుతుందో చూడరు. కూర్చున్న మనిషి నడుము వెనక ఇరుసు కన్నా వెనక్కి పోతే, ఎత్తు ఎక్కేటప్పుడు ముందు చక్రం గాల్లోకి లేస్తుంది. స్కూటర్ సీటు పొడవుగా ఉంటుంది కాబట్టి ముందు భాగం సీటు గొట్టానికి బిగించి, వెనక నుంచి రెండు ఊతాలు ఇరుసు దాకా దించండి. బరువు మోసేది ఆ ఊతాలే. కూర్చునే చోటు మాత్రం ఇరుసుకి ముందే ఉండాలి.

పాత సామాను విప్పేటప్పుడు ఒక మాట గుర్తుంచుకోండి. ఎడమ పెడల్‌కి మర ఎదురు దిశలో ఉంటుంది, చాలా సైకిళ్లలో బాటమ్ బ్రాకెట్ కుడి గిన్నెకి కూడా అంతే. తెలియక బలం పెడితే మర పాడవుతుంది. తుప్పు పట్టి బిగిసినవాటికి నూనె పోసి రాత్రంతా వదిలేయండి.

పాతవి వాడొచ్చు అన్నాను కదా అని అన్నీ పాతవి వద్దు. బ్రేకు తీగలు, రబ్బర్లు, బేరింగ్ బాల్స్, టైర్లు, ట్యూబులు కొత్తవి కొనండి. చైనుని స్కేలుతో కొలవండి. పిన్ను నుంచి పిన్నుకి 24 సగం లింకులు 304.8 మిల్లీమీటర్లు ఉండాలి, 308 దాటితే పారేయండి. పాత అల్యూమినియం హ్యాండిల్ వాడకండి, స్టీలుదైతే మధ్యలో పగుళ్లు లేవని చూసుకుని వాడొచ్చు. హ్యాండిల్ ఎత్తు కోసం స్టెమ్ని, అంటే హ్యాండిల్‌ని పట్టుకుని ఫోర్కు గొట్టంలోకి దిగే కాడను, బయటికి లాగేటప్పుడు దాని మీదున్న గీత దాటనివ్వకండి, ఎత్తు హ్యాండిల్ వంపులోనే రావాలి.

రంపం పట్టే ముందు వెనక 20 అంగుళాల చక్రం పెట్టి, ముందు చక్రం కింద పది సెంటీమీటర్ల చెక్క దిమ్మ ఉంచి, పక్క నుంచి ఫోటో తీసుకోండి. మీ చాపర్ ఎలా ఉండబోతోందో ఇంచుమించు అదే. అది నచ్చితే మొదలుపెట్టండి. ఈలోగా ఆ పిల్లల సైకిలు వెనక హబ్బులో బ్రేకు ఉందో లేదో, ఫ్రేము చీలికల మధ్య వెడల్పు ఎంతో కొలిచి ఇక్కడ రాయండి, వాషర్లు ఎన్ని పడతాయో లెక్క చూద్దాం.