బడిపంతులుగా మొదలైన కాదర్ అస్మాల్ దక్షిణాఫ్రికా విద్యామంత్రి ఎలా అయ్యారు?

నేరుగా కాలేదు, మధ్యలో ముప్పై ఏళ్ల ప్రవాసం ఉంది. 1934లో నాటాల్ ప్రాంతంలోని స్టాంగర్‌లో భారత సంతతి కుటుంబంలో పుట్టారు. కుర్రతనంలోనే వర్ణవివక్షపై పోరాడిన ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ నాయకుడు ఆల్బర్ట్ లుతూలీ ప్రభావం పడింది. కొన్నాళ్లు టీచరుగా పనిచేసి, 1959లో లా చదవడానికి లండన్ వెళ్లారు. తర్వాత డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో 27 ఏళ్లు న్యాయశాస్త్రం చెబుతూనే, ఐర్లాండ్‌లో వర్ణవివక్ష వ్యతిరేక ఉద్యమాన్ని నడిపారు.

1990లో తిరిగొచ్చారు. 1994లో మండేలా ఆయనకు ముందు ఇచ్చింది నీటి శాఖ. విద్యాశాఖ 1999లో, మండేలా తర్వాత అధ్యక్షుడైన ఎంబెకీ హయాంలో వచ్చింది.

అసలు పరీక్ష అక్కడే. 2005 నాటికి పూర్తిగా అమలు చేయాలనుకున్న ‘కరికులం 2005’ అనే కొత్త పాఠ్యప్రణాళిక కాగితం మీద గొప్పదే గానీ, పుస్తకాలూ శిక్షణా లేని టీచర్లు దానితో నలిగిపోయారు. అస్మాల్ సమీక్ష కమిటీ వేసి, 2002లో దాన్ని సరళంగా మార్పించారు. జాతుల వారీగా విడగొట్టిన 36 ఉన్నత విద్యాసంస్థలను విలీనాలతో బాగా తగ్గించారు. దీనిపై గొడవలు చాలానే జరిగాయి, అయినా అది అవసరమైన పనేనని నా అభిప్రాయం.

2004లో మంత్రి పదవి ముగిసింది. అవినీతిని వెంటాడే ‘స్కార్పియన్స్’ దళం రద్దుకు ఓటు వేయలేక 2008లో పార్లమెంటుకు రాజీనామా చేశారు. 2011లో కన్నుమూశారు.