కనుమ రాత్రి డైలాగుల ఆట

అమ్మలూ,

మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్ చేసి, "అప్పా, నీ కూతురు ఏం చేస్తోందో తెలుసా" అని మొదలుపెట్టింది. కనుమ రాత్రి మన ఊళ్ళో, మన ఇంటి వాకిట్లో సినిమా డైలాగుల ఆట పెడుతున్నావట. హైదరాబాద్ నుంచి నీ ఆఫీసు స్నేహితులు ఆరుగురు వస్తారట. ఇక్కడ నీతో చదువుకున్న పిల్లలు, మన ఇంటి పిల్లలు, ఇరుగుపొరుగు కలిపి పాతికమంది అవుతారట. ఒకరు డైలాగు చెప్పాలి, మిగతావాళ్ళు అది ఏ సినిమాలోదో చెప్పాలి.

వినగానే నా కడుపు నిండిపోయింది. పోయిన సంక్రాంతికి పిల్లలంతా తలో మూల ఫోన్ పట్టుకుని కూర్చుంటే, ఇల్లు నిండా మనుషులుండి మాట లేకపోవడం చూసి ఎంత బాధపడ్డానో నీకు తెలీదు. అందరినీ ఒకచోట కూర్చోబెట్టాలన్న బుద్ధి నీకు పుట్టింది. చాలా గర్వంగా ఉంది. కానీ ఫోన్ పెట్టేసే ముందు మీ అమ్మ ఇంకో మాట అంది: ఆటంతా వీడియో తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెడతావని. ఆ మాటతో రాత్రి నిద్ర పట్టలేదు. ఫోన్‌లో చెబితే "సరే పెద్దమ్మా" అనేసి పెట్టేస్తావు. అందుకే తెల్లారకుండానే లేచి రాస్తున్నాను. చివరిదాకా చదువు.

చిన్నవి ముందు చెప్పేస్తాను. పాతిక డైలాగులు చాలు, గంటన్నర నడుస్తాయి. చీటీల మీద రాసుకో. జవాబుకి అరనిమిషం. ఫోన్లన్నీ ఒక బుట్టలో వేయించు, లేకపోతే ఆట గూగుల్ ఆడుతుంది. జట్లు వయసు కలిపి చెయ్యి, ప్రతి జట్టులో ఒక ముసలివాళ్ళు, ఒక చిన్నపిల్ల ఉండాలి. డబ్బు పందెం మాత్రం వద్దు. ఎవరు సరదాకన్నా ఒప్పుకోకు. పండగ మూడు రోజులూ ఊళ్ళో పేకాటలో, కోడిపందేల్లో పోతున్నది చాలు. గెలిచిన జట్టుకి బంతిపూల దండ వేసి దానికి వీరతాడు అని పేరు పెట్టు. మాయాబజార్ కోసం 1957లో పింగళి నాగేంద్రరావు గారు పుట్టించిన మాట అది. మాటలతో ఆడే ఆటకి అంతకంటే మంచి బహుమతి నాకు తోచడం లేదు.

ఇక డైలాగులు ఏరడం. అసలు పనంతా ఇక్కడే ఉంది. బడిలో ముప్పై ఏళ్ళు శనివారం ఆఖరి పీరియడ్‌లో పిల్లల చేత ఈ ఆట ఆడించాను కాబట్టి చెబుతున్నాను. నువ్వు "మొక్కే కదా" అనగానే ఇంద్ర అని, "కత్తులతో కాదురా" అనగానే నరసింహనాయుడు అని వాకిలి ఎగిరిపోయేలా అరుస్తారు. అలాంటివి మొదట్లో రెండు పెట్టు, గొంతులు తెరుచుకుంటాయి. తర్వాత కూడా అవే అడిగితే ఎవరి నోరు పెద్దదైతే వాళ్ళదే గెలుపు. పైగా ఒక హీరోవే ఎక్కువైతే ఇంకో హీరో అభిమానులు గొడవకి దిగుతారు, మన ఊరి కుర్రాళ్ళ సంగతి నీకు చెప్పనక్కర్లేదు.

పక్క పాత్రల మాటలు ఏరు. విలన్లవి, హాస్యగాళ్ళవి, అమ్మమ్మలవి. ముత్యాలముగ్గు (1975)లో రావు గోపాలరావు గారి కాంట్రాక్టరు "కలాపోసన" గురించి చెప్పే మాట ఉంది చూడు, ఆయనలా సాగదీసి అంటే ఆ సినిమా చూడనివాళ్ళు కూడా చెప్పేస్తారు. అదే మాటని రేడియోలో వార్తలు చదివినట్టు చదివించి చూడు, సగం మంది తడబడతారు. అందుకని రెండు రౌండ్లు పెట్టు. ఒకదాంట్లో ఉత్తినే చదవాలి, రెండోదాంట్లో గొంతు పెట్టి అనాలి. చదివే రౌండంటేనే నాకు ఇష్టం. మాటలో బలం ఉందా, నటుడి గొంతు దాన్ని మోసిందా అన్నది అక్కడ తెలిసిపోతుంది.

ఆఖర్లో సినిమా పేరు కాకుండా రాసినవాళ్ళ పేరు అడుగు. డైలాగు అందరికీ నోటికొస్తుంది, రాసిన మనిషి ఎవరికీ గుర్తుండడు. నాలుగు స్తంభాలాట (1982) తర్వాత విసిగించేవాళ్ళని "సుత్తి" అనడం ఇంటింటికీ పాకింది. ఆ జంధ్యాల గారే అంతకు రెండేళ్ళ ముందు శంకరాభరణానికి మాటలు రాశారు. రెండూ పక్కపక్కన చదివి, ఇద్దరా ఒక్కరా అని అడుగు.

మనకి గుర్తున్న డైలాగు, సినిమాలో ఉన్న డైలాగు ఒక్కటి కాదు. ప్రతిదీ ఆ సీను పెట్టుకుని విని రాసుకో, ఒక మాట అటూ ఇటూ అయితే అక్కడే తగువు మొదలవుతుంది. బాషా లాంటి డబ్బింగ్ సినిమాలు ఉంటాయో లేదో ముందే చెప్పెయ్. నేనైతే ఉంచుతాను, మన వాళ్ళు దాన్ని ఏనాడూ తమిళ సినిమా అనుకోలేదు. ఇంకొకటి, "డామిట్! కథ అడ్డంగా తిరిగింది" అన్నది సినిమా చీటీల్లో పెట్టకు. 1955లో కన్యాశుల్కం సినిమాగా వచ్చిన మాట నిజమే. కానీ అది గురజాడ గారి నాటకంలో గిరీశం మాట, ఆ నాటకం 1892లో మొదట ఆడింది మన విజయనగరంలో. పెద్దవాళ్ళలో ఎవరో ఒకరు లేచి అది నాటకంలోదని గంటసేపు వాదిస్తారు. మీ తాతగారు ఉండి ఉంటే ఆయనే లేచేవారు. జె.వి. సోమయాజులు గారు రామప్పపంతులుగా, ఆయన తమ్ముడు రమణమూర్తి గారు గిరీశంగా వేసిన కన్యాశుల్కం ఎన్నిసార్లు చూశారో ఆయనకే లెక్క లేదు. 1980లో ఆ సోమయాజులు గారే శంకరశాస్త్రిగా వేసిన శంకరాభరణం చూసి బయటికొచ్చి, "రామప్పపంతులు ఇంత పెద్ద మనిషయ్యాడే" అని కళ్ళు తుడుచుకున్నారు. ఇప్పుడు రాస్తుంటే ఆయన గొంతు వినబడుతోంది.

మన యాస డైలాగుల విషయంలో జాగ్రత్త. సినిమాల్లో చాలా ఏళ్ళపాటు శ్రీకాకుళం యాస అంటే పనివాళ్ళకీ అమాయకులకీ పెట్టేవారు. నీ హైదరాబాద్ స్నేహితుడు సరదాగా గొంతు మార్చి ఆ డైలాగు అంటే, పక్కింటి తాత నవ్వుతాడు గానీ ఆయన మనసు చివుక్కుమంటుంది. ఆ మాటలే మన వాళ్ళ నోటి నుంచి వస్తే ఇంకోలా ఉంటాయి. ఎవరి చేతికి ఏ చీటీ వెళ్ళాలో నువ్వే చూసుకో.

ఇప్పుడు అసలు సంగతి. మీ అమ్మకి కూడా ఇది పూర్తిగా తెలీదు.

దానవీరశూరకర్ణ 1977 సంక్రాంతికి వచ్చింది. నాకప్పుడు పద్నాలుగేళ్ళు, తొమ్మిదో తరగతి. మీ తాతగారు నన్ను విజయనగరం తీసుకెళ్ళి చూపించారు. మన ఊరి టూరింగ్ టాకీసుకి అది వచ్చేసరికి చాలా నెలలు పట్టింది. చెరువుగట్టు కింద డేరా వేసేవారు. డేరాకి గోడలుండవు కదా, ఉన్నది గుడ్డే. గాలి ఇటు తిరిగితే మాటలన్నీ ఊళ్ళోకి వచ్చేవి. డేరాకి అన్నిటికంటే దగ్గరిల్లు నా స్నేహితురాలిది. పేరు రాయను.

వాళ్ళ నాన్న సినిమా అంటే మండిపడేవాడు. ఆ పిల్ల ఒక్క సినిమా కూడా చూడలేదు. రాత్రిళ్ళు పెరట్లో నులకమంచం మీద పడుకుని అన్ని ఆటలూ వినేది. ఒకే సినిమా వారంపాటు ఆడితే వారంపాటూ వినేది. రీలు మార్చడానికి ఎక్కడ ఆగుతుందో కూడా తెలుసు. వాన పడితే డేరా మీద చినుకుల చప్పుడుకి మాటలు పోతాయని ఏడ్చేది. ఎన్టీఆర్ ముఖం దానికి గోడల మీది పోస్టర్లలో చూసిందే.

మధ్యాహ్నం అన్నాలు తిన్నాక చింతచెట్టు కింద మేం ఐదుగురం ఈ ఆటే ఆడేవాళ్ళం. పట్నంలో సినిమాలు చూసొచ్చేదాన్ని కాబట్టి నేనే పెద్దని. కానీ రోజూ అదే గెలిచేది. ఆ రోజు "ఏమంటివి ఏమంటివి" అని నేను రెండు ముక్కలు అన్నానో లేదో, అది అందుకుని కొండవీటి వెంకటకవి గారు రాసిన ఆ పెద్ద డైలాగంతా ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పేసింది. చుట్టూ ఉన్న పిల్లలు చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్ళు మండిపోయింది. "సరేగానీ, అప్పుడు దుర్యోధనుడు కూర్చున్నాడా, నించున్నాడా? పక్కన ఎవరున్నారు?" అని అడిగాను. చెప్పలేకపోయింది. "సినిమా చూడనోళ్ళకి మార్కుల్లేవు" అన్నాను. అలాంటి నియమం మాకు ఏనాడూ లేదు, అప్పటికప్పుడు నేను పుట్టించాను.

దాని ముఖం ఎర్రబడింది. "నేను చూశాను" అంది. అబద్ధమని నాకు తెలుసు. అయినా "చూసిందటర్రా, డేరాకి వెళ్ళిందట!" అని బడంతా వినబడేలా అరిచాను. సాయంత్రానికి ఆ మాట వాళ్ళింటికి చేరింది. కూతురు రాత్రిపూట దొంగతనంగా డేరాకి వెళ్ళిందని వాళ్ళ నాన్న నమ్మాడు. అది ఎంత మొత్తుకున్నా వినలేదు. సోమవారం నుంచి బడికి రాలేదు. మళ్ళీ ఎప్పుడూ రాలేదు.

నేను వెళ్ళి, "మావయ్యా, అది చూడలేదు, పెరట్లోంచి విన్నదే, నేనే రెచ్చగొట్టాను" అని చెప్పాల్సింది. రెండుసార్లు వాళ్ళ వీధి మలుపుదాకా వెళ్ళాను. ఆయన నా సంగతి మీ తాతగారికి చెబుతాడని భయపడి వెనక్కి వచ్చేశాను. మరుసటి ఏడు దానికి పెళ్ళి చేసి ఖరగ్‌పూర్ పంపించేశారు, అల్లుడికి రైల్వేలో పని. లెక్కల్లో మా అందరికంటే ముందుండే పిల్ల అది. నేను టీచరునయ్యాను. మొదటి జీతం అందుకున్న రోజు అదే గుర్తొచ్చింది.

చాలా ఏళ్ళ తర్వాత అది పుట్టింటికి వచ్చినప్పుడు వెళ్ళాను. టీ ఇచ్చింది, పిల్లల గురించి చెప్పింది. టీవీలో ఏదో పాత సినిమా వస్తోంది. మాట్లాడుతూనే, నటుడు మాట అనడానికి అర క్షణం ముందు దాని పెదాలు ఆ మాటని పలుకుతున్నాయి. నోటిదాకా వచ్చిన క్షమాపణ నా నోట్లోనే ఉండిపోయింది. టీ తాగి వచ్చేశాను.

అందుకే ఈ మూడూ నువ్వు కచ్చితంగా పాటించాలి. "ఈ సినిమా నువ్వు చూశావా" అని ఎవరినీ అడగకు, అడగనివ్వకు. హాల్లో చూశారో, ఫోన్‌లో చూశారో, గోడ అవతల విన్నారో నీకు అనవసరం, జవాబు సరైనదైతే మార్కు ఇచ్చెయ్. ఆట మధ్యలో నియమాలు మార్చొద్దు. ఇక వీడియో తీయకు. తప్పు చెప్పి నాలుక కరుచుకున్న పిల్ల ముఖం, వెయ్యిమంది చూసేదాంట్లో పెట్టే హక్కు మనకి లేదు. అంతా సరదాకే అని నీకు తెలుసు, నాకు తెలుసు. ఆ పిల్ల ఇంట్లో ఎలాంటి నాన్న ఉన్నాడో, ఎలాంటి అత్తగారు ఉన్నారో మనకి తెలీదమ్మా. మరీ కావాలంటే వీరతాడు వేసేటప్పుడు అందరినీ అడిగి ఒక్క ఫొటో తీసుకో.

మందలిస్తున్నానని అనుకోకు. నువ్వు నాలా చేస్తావని కాదు. నీకు మంచి మనసుంది, నాకు తెలుసు. చిన్నప్పుడు అష్టాచెమ్మాలో తమ్ముడు ఏడుస్తాడని కావాలని ఓడిపోయేదానివి.

చాపలు వంటింటి కిటికీ దగ్గర వేయించు. పొంగడాలు, అరిసెలు వేస్తూ మీ అమ్మా, పిన్నులూ లోపలే ఉండిపోతారు, పిలిచినా రారు. కిటికీలోంచి జవాబు చెబితే లెక్కలోకి తీసుకో. ఆట అయ్యేసరికి రాత్రి ఎంతవుతుందో, ఎవరినీ బైకుల మీద చీపురుపల్లి రోడ్డెక్కనివ్వకు. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు, అందరికీ మేడ మీద పక్కలు వెయ్యి. దుప్పట్లు నేను తెస్తాను. భోగి ముందు రోజు పొద్దున్న బస్సుకే వచ్చేస్తాను.

ఆ పిల్ల ఈ పండక్కి వాళ్ళ తమ్ముడింటికి వస్తోందని విన్నాను. ఇప్పుడు పిల్ల ఏమిటి, మనవలున్న మనిషి. నేను పిలిస్తే మొహమాటపడుతుంది, నువ్వు వెళ్ళి బొట్టు పెట్టి పిలు. ముందు వరసలో కుర్చీ వెయ్యి. "ఏమంటివి" చీటీ విడిగా తీసి ఉంచు, దాన్ని నేను చదువుతాను. రెండు ముక్కలే చదువుతాను. మిగతాది తనని అననీ, ఎంతసేపైనా సరే మధ్యలో ఎవరినీ మాట్లాడనివ్వకు.

నీ పెద్దమ్మ