లగ్నపత్రికకు ముందే అప్పుల లెక్క

ప్రశ్న: తిరుపతిలో ఒక ప్రైవేటు ల్యాబులో టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. జీతం 26,000 రూపాయలు. నాన్న ఆపరేషన్ కోసం తెలిసినవారి దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి నోటు రాసి లక్షన్నర తీసుకున్నాను. రెండు లక్షల చీటీ పాడుకున్నాను; నెలకు 5,000 చొప్పున ఇంకా 22 నెలలు కట్టాలి. అమ్మ హారం బ్యాంకులో 80,000కు కుదువలో ఉంది. నేను ప్రేమించిన అబ్బాయితో పెళ్లికి రెండిళ్లవారూ ఒప్పుకున్నారు. ఆయనది చిత్తూరు దగ్గర పల్లె. యాత్రికులకు ట్రావెల్స్ కారు నడుపుతారు. నా అప్పులు ఆయనకు తెలియవు. ‘పెళ్లయ్యాక మెల్లగా చెప్పుకోవచ్చులే, స్వామివారే అప్పు చేసి పెళ్లి చేసుకోలేదా’ అంటుంది అమ్మ. ఆయన ఒక స్నేహితుడి లారీ లోనుకు జామీను ఉన్నారని ఈమధ్య ఇతరుల ద్వారా తెలిసింది. ముందు నేను చెప్పాలా, ఆయనను అడగాలా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: ముందు మీరే చెప్పండి. మీ లెక్క దాచుకొని ఆయన జామీను గురించి అడిగితే అది నిలదీసినట్లుంటుంది. మీది చెప్పాక అడిగితే ఆయనకూ నోరు విప్పడం తేలికవుతుంది. ఇక మీ అమ్మగారి మాటకు వస్తే, స్థలపురాణం ప్రకారం శ్రీనివాసుడు కుబేరుడి దగ్గర అప్పు తీసుకున్నది పెళ్లికి ముందే, అదీ పత్రం రాసిచ్చి, బ్రహ్మను, శివుణ్ణి సాక్షులుగా పెట్టుకొని. దాచిన అప్పు కాదది.

చెప్పేటప్పుడు ‘కొంచెం అప్పులున్నాయి’ అనే మాటతో సరిపెట్టకుండా, ఎవరికి ఎంత, వడ్డీ ఎంత, ఎప్పటికి తీరుతుంది, ఎవరెవరి సంతకాలున్నాయి అన్నవన్నీ ఒక కాగితం మీద రాసి చూపించండి. చీటీని చాలామంది అప్పు కింద లెక్కవేయరు. పాడుకోనంతవరకు అది పొదుపే కానీ, డబ్బు చేతికి వచ్చాక మిగిలిన వాయిదాలన్నీ బాకీయే. మీ విషయంలో అది 1,10,000. దానితో కలిపి మీ అప్పు 3,40,000 అవుతుంది. ఇందులో నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది నోటు. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. నెలనెలా 3,000 కడుతున్నా అసలులో ఒక్క రూపాయి తరగదు. చీటీ ముగిశాక మిగిలే 5,000 నేరుగా ఈ అసలుకే వెళ్లాలని ఇద్దరూ ఇప్పుడే అనుకోండి. కట్టినప్పుడల్లా నోటు వెనక చెల్లు రాయించడం మరవకండి. హారం సంగతీ దాచవద్దు. పెళ్లిలో అమ్మ మెడ చూసి బంధువుల్లో ఎవరో ఒకరు అడుగుతారు, ఆ జవాబు ఆయన మూడో మనిషి నోట వినడం మీకు మంచిది కాదు.

ఇప్పుడు ఆయన జామీను. ‘సంతకమే కదా పెట్టింది’ అని మన వైపు తేలిగ్గా అంటారు కానీ, 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరుగా రాసుకుంటే తప్ప, జామీనుదారు బాధ్యత అప్పు తీసుకున్నవాడి బాధ్యతతో సమానం. స్నేహితుడు వాయిదాలు ఎగ్గొడితే బ్యాంకు ఆయన ఇంటికే రావచ్చు. కాబట్టి ఎంత మొత్తానికి సంతకం పెట్టారో, వాయిదాలు సక్రమంగా నడుస్తున్నాయో లేదో అడగండి. సిబిల్ వంటి నాలుగు క్రెడిట్ సమాచార సంస్థల్లో ఒక్కొక్కటి ఏడాదికి ఒకసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలి. ఇద్దరూ తెప్పించుకొని పక్కపక్కన కూర్చుని చూసుకోండి. నోటు మీద తెచ్చిన చేబదుళ్లు మాత్రం అందులో కనిపించవు, వాటికి నోటి మాటే ఆధారం.

పెళ్లి చేసుకున్నంత మాత్రాన ఒకరి సొంత అప్పు చట్టప్రకారం మరొకరి మీద పడదు, సంతకం పెడితేనే పడుతుంది. ఇంటి ఖర్చు మీద మాత్రం తప్పక పడుతుంది. పైగా ఆయన ఆదాయం నిలకడైనది కాదు. బ్రహ్మోత్సవాలకు, వేసవి సెలవులకు వచ్చినంత పిల్లల పరీక్షల రోజుల్లో రాదు. అందుచేత బాగా నడిచిన నెలను కాక, బేరాలు తగ్గిన నెలను పట్టుకొని సంసారం లెక్క వేసుకోండి.

ఈ మాటలు పెద్దల ఎదుట కాక మీరిద్దరే ఉన్నప్పుడు, లగ్నపత్రిక రాయించకముందే జరగాలి. అంకెలు విని ఆయన రెండు రోజులు ముభావంగా ఉంటే కంగారుపడకండి, తేరుకోనివ్వండి. మీ కాగితం చూశాక కూడా తన లెక్క చెప్పనని భీష్మించుకుంటే మాత్రం, ముహూర్తం కొంత వెనక్కు జరపమని ఇంట్లో అడగండి.