పాఠకుల ప్రశ్నలు: లాటిన్ ఎవరికి పనికొస్తుంది, ఎంతవరకు?

వైద్యం, ఫార్మసీ, లా, వృక్షశాస్త్రం చదివే పిల్లల గురించీ, అమెరికాలో హైస్కూల్లో ఉన్న పిల్లల గురించీ లాటిన్‌పై వచ్చిన ప్రశ్నలను ఈ సంచికలో ఒకచోట చేర్చాం.

మా అబ్బాయి ఎంబీబీఎస్ చదవడానికి రష్యా వెళ్తున్నాడు. మొదటి ఏడాదే లాటిన్ సబ్జెక్టు ఉందట. ఎవరూ మాట్లాడని భాష వాడికెందుకండీ? పాసైతే చాలా, శ్రద్ధగా చదవాలా? బయల్దేరేలోగా ఏమైనా నేర్చుకోమంటారా? (ఒక తల్లి, వరంగల్)

శ్రద్ధగానే చదవమనండి. అక్కడి వైద్య విశ్వవిద్యాలయాల్లో లాటిన్ కోర్సు మూడు భాగాలుగా ఉంటుంది: శరీర నిర్మాణ పదాలు, మందుల పేర్లు-ప్రిస్క్రిప్షన్లు, జబ్బుల పేర్లు. మొదటి భాగం అనాటమీతో పాటే నడుస్తుంది కాబట్టి అందులో పెట్టిన గంట రెండు సబ్జెక్టులకూ పనిచేస్తుంది.

ముంజేతిలో ఒక కండరం పేరు ఫ్లెక్సోర్ కార్పి రేడియాలిస్. ఫ్లెక్సోర్ అంటే వంచేది, కార్పి అంటే మణికట్టు యొక్క, రేడియాలిస్ అంటే రేడియస్ ఎముక వైపుది. కండరం చేసే పని, అది ఉండే చోటు రెండూ పేరులోనే ఉన్నాయి. ఇది అర్థమైనవాడికి ఎక్స్‌టెన్సోర్ (చాచేది) కార్పి అల్నారిస్ (అల్నా ఎముక వైపుది) ఎక్కడుందో, ఏం చేస్తుందో ఎవరూ చెప్పనక్కర్లేదు. అర్థం తెలియకుండా బట్టీ పట్టినవాడికి రెండూ రెండు కొత్త పేర్లే.

మన పిల్లలు తడబడే చోట్లు దాదాపు ఒకటే. తెలుగులో విశేషణం మారదు: మంచి అబ్బాయి, మంచి అమ్మాయి, మంచి పుస్తకం. లాటిన్‌లో నామవాచకపు లింగాన్ని బట్టి మారుతుంది. కుడి ఊపిరితిత్తి పుల్మో డెక్స్‌టెర్, కుడి కరోనరీ ధమని ఆర్టేరియా కొరొనారియా డెక్స్‌ట్రా, గుండెలో కుడి కర్ణిక అట్రియుమ్ డెక్స్‌ట్రుమ్. పైగా లింగం అర్థాన్ని బట్టి తేలదు, మాటకే అంటుకుని ఉంటుంది. పక్కటెముక (కోస్టా) స్త్రీలింగం కావడానికి కారణం వెతకొద్దు. మాటల వరస కూడా మనకు తిరగబడినట్టుంటుంది, ముందు నామవాచకం, తర్వాత విశేషణం.

అందుకే ప్రతి మాటనూ ప్రథమా రూపం, షష్ఠీ రూపం, లింగం, ఈ మూడూ కలిపే రాసుకోవాలి. ఎముకకూ నోటికీ లాటిన్‌లో స్పెల్లింగ్ ఒకటే. షష్ఠిలో ఒస్సిస్ అయితే ఎముక, ఓరిస్ అయితే నోరు. కాపుట్ (తల) షష్ఠిలో కాపిటిస్ అవుతుంది. మాట అసలు రూపం షష్ఠిలోనే బయటపడుతుంది. షష్ఠి వదిలేసి చదివిన పిల్లలు నెల తిరిగేసరికి మూడో వర్గపు (డిక్లెన్షన్, అంటే ఒకే తీరున విభక్తులు మారే మాటల గుంపు) నామవాచకాల దగ్గర ఆగిపోతారు.

రెండో భాగం ప్రిస్క్రిప్షన్. మొదటి మాట రెసిపె, అంటే "తీసుకో" అని ఫార్మసిస్టుకు చెప్పే ఆజ్ఞ. దాని తర్వాత మందు పేరు షష్ఠిలో రావాలి: టింక్టూరే వలేరియానే 30 మి.లీ., అంటే వలేరియన్ టింక్చరు తాలూకు 30 మి.లీ. ప్రథమలో టింక్టూరా అని రాస్తే తప్పే. మాత్రల సంఖ్య చెప్పేటప్పుడు మాత్రం టాబులెట్టాస్ అని ద్వితీయా బహువచనం వస్తుంది, ఎందుకంటే తీసుకోమంటున్నది మాత్రలనే. ఇంకో సంగతి మార్కులకు మించినది. అక్కడ దశాంశానికి చుక్క బదులు కామా పెడతారు, ఘన పదార్థాలకు గ్రాము అని విడిగా రాయరు. 0,5 అంటే అర గ్రాము, అంటే 500 మి.గ్రా.; 0,05 అంటే 50 మి.గ్రా. ఒక్క సున్నా జారితే మోతాదు పది రెట్లవుతుంది.

మూడో భాగంలో గ్రీకు వచ్చి కలుస్తుంది. అవయవం పేరు చాలావరకు లాటిన్‌లో, దానికొచ్చే జబ్బు, చేసే ఆపరేషన్ గ్రీకులో ఉంటాయి. మూత్రపిండపు ధమని రీనల్ ఆర్టరీ, అదే మూత్రపిండం వాపు నెఫ్రైటిస్. ఈ జంటలను పక్కపక్కన రెండు వరసల్లో రాసుకుంటే సగం పదకోశం చేతికొచ్చినట్టే.

ఉచ్చారణ విషయంలో ఒక హెచ్చరిక. రష్యాలో ఇ, ఎ అచ్చుల ముందు 'సి' అక్షరాన్ని 'త్స' అని పలుకుతారు, సెర్విక్స్ త్సెర్విక్స్ అవుతుంది. లాటిన్ నేర్పే అమెరికన్ వీడియోలలో అదే అక్షరం ఎక్కువగా 'క'. బయల్దేరేముందు యూట్యూబులో నేర్చుకున్న ఉచ్చారణతో వెళ్తే నోటి పరీక్షలో దిద్దుకోవాల్సి వస్తుంది.

ఇక మీ చివరి ప్రశ్న. బయల్దేరేలోగా ముందు రష్యన్ అక్షరాలు, రోజువారీ మాటలు నేర్పించండి. వార్డులో రోగి మాట్లాడేది రష్యన్. లాటిన్‌లో మొదటి రెండు వర్గాల విభక్తి పట్టికలు, ఎముకల పేర్లు వస్తే ప్రారంభానికి చాలు. తిరిగొచ్చాక రాయాల్సిన ఎఫ్ఎంజీఈలో (విదేశాల్లో వైద్యం చదివినవాళ్ల అర్హత పరీక్ష) 300 ప్రశ్నలకు 150 వస్తే పాస్. అందులో లాటిన్‌కు వేరే విభాగం లేదు, దాని లాభం అనాటమీ, పాథాలజీ ద్వారానే అందుతుంది.

మా అమ్మాయి తొమ్మిదో గ్రేడ్‌లో చేరుతోంది. డాక్టర్ అవ్వాలని కోరిక. స్కూల్లో స్పానిష్, లాటిన్ రెండూ ఉన్నాయి. లాటిన్ చదివితే మెదడు పదునెక్కుతుందని, శాట్ స్కోరు పెరుగుతుందని స్నేహితులు చెబుతున్నారు. నిజమేనా? (టెక్సాస్)

ఆ రెండు కారణాలతో మాత్రం ఎంచుకోవద్దు. లాటిన్ తీసుకున్న పిల్లల స్కోర్లు ఎక్కువగా కనిపిస్తే దానికి ముఖ్య కారణం, ముందే బాగా చదివేవాళ్లు దాన్ని ఎంచుకోవడం. 1924లోనే మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ ఏ సబ్జెక్టు చదివితే ఆలోచనాశక్తి ఎంత పెరుగుతుందో కొలిచి చూశారు. లాటిన్‌కు ప్రత్యేకమైన మహిమ ఏదీ కనబడలేదు. జర్మనీలో లుడ్విగ్ హాగ్, ఎల్స్‌బెత్ స్టెర్న్ 2003లో ప్రచురించిన అధ్యయనంలో, స్పానిష్ కొత్తగా నేర్చుకుంటున్న విద్యార్థుల్లో అంతకుముందు ఫ్రెంచ్ చదివినవాళ్లే లాటిన్ చదివినవాళ్లకన్నా తక్కువ తప్పులు చేశారు. శాట్ కూడా 2016లో మారింది. అరుదైన పదాల జాబితాలు బట్టీ పట్టించే ప్రశ్నలు పోయాయి, ఇప్పుడు వాక్యంలో సందర్భాన్ని బట్టి అర్థం అడుగుతున్నారు. శాట్ లాటిన్ సబ్జెక్టు పరీక్ష 2021లోనే ఆగిపోయింది.

టెక్సాస్‌లో డాక్టర్‌గా పనిచేయాలనుకునే అమ్మాయికి రోగితో నేరుగా మాట్లాడేందుకు స్పానిష్‌ను మించినది లేదు. ఇది మొహమాటం లేకుండా చెప్పాల్సిన మాట.

మరి లాటిన్ ఎవరికి? వ్యాకరణం విడదీసి చూడటం ఇష్టపడే పిల్లలకు, చరిత్ర, సాహిత్యం మీద మనసున్న పిల్లలకు. ఇంట్లో తెలుగు బాగా మాట్లాడే పిల్లలకు ఇందులో నిజమైన సౌలభ్యం ఉంది. "పుయెల్లా రోసమ్ విడెట్" అంటే "పాప గులాబీని చూస్తోంది". క్రియ చివర ఉంది, ద్వితీయా విభక్తి మాట చివరే ఉంది, ఆర్టికల్స్ లేవు. విడెయో, విడేస్, విడెట్ అన్నా చూస్తాను, చూస్తావు, చూస్తుంది అన్నా క్రియ చివర్లోనే కర్త తెలిసిపోతుంది. ఇంగ్లిష్ ఒక్కటే తెలిసిన పిల్లలకు నెలలు పట్టే ఈ సంగతి మన పిల్లలకు చెవిలోనే ఉంటుంది. సంస్కృతం కొద్దిగా వచ్చినా అస్తి-ఎస్ట్, సంతి-సుంట్, సప్త-సెప్టెమ్, అగ్ని-ఇగ్నిస్ జంటలు వెంటనే పలకరిస్తాయి.

తర్వాత స్పానిష్, ఫ్రెంచ్, ఇటాలియన్ నేర్చుకునేటప్పుడు పదాలు గుర్తుపట్టడానికి కూడా లాటిన్ సాయపడుతుంది. నొక్టెమ్ (రాత్రి) స్పానిష్‌లో నోచె, ఇటాలియన్‌లో నొత్తె. లాక్టెమ్ (పాలు) లెచె, లాత్తె. ఒక్టో (ఎనిమిది) ఒచొ, ఒత్తొ. 'క్ట' స్పానిష్‌లో 'చ', ఇటాలియన్‌లో 'త్త' అవుతుందనే సూత్రం ఒక్కటి పట్టుకుంటే పదుల మాటలు తెలుస్తాయి. అయితే మాట్లాడటం దీంతో రాదు, అది వేరే సాధన.

ఎంచుకునేముందు స్కూల్లో ఒక్కటి అడగండి: లాటిన్ ఎన్ని లెవెల్స్ వరకు ఉంది? ఏపీ లాటిన్‌కు (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు) సాధారణంగా నాలుగో ఏట చేరతారు. 2025-26 నుంచి దాని సిలబస్‌లో రోమన్ కవి వర్జిల్ కావ్యంతో పాటు రోమన్ రచయిత ప్లినీ లేఖలు ఉన్నాయి, సీజర్ రచనల భాగం తీసేశారు. కాబట్టి పాత గైడు కొనకండి. స్కూల్లో రెండు లెవెల్స్‌తోనే ఆగిపోతే అమ్మాయి మధ్యలో భాష మార్చాల్సి వస్తుంది. చాలా కాలేజీలు ఒకే భాషను వరసగా రెండు, మూడేళ్లు చదివారా అని చూస్తాయి.

బీఫార్మసీ చదువుతున్నాను. ప్రిస్క్రిప్షన్‌లోని లాటిన్ పొట్టి అక్షరాలు ఇంకా నేర్చుకోవాలా? (గుంటూరు)

చదవడానికి నేర్చుకోండి, రాయడానికి వాడకండి. ఓడీ, బీడీ, టీడీఎస్ (రోజుకు ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు), ఏసీ, పీసీ (తిండికి ముందు, తర్వాత), హెచ్ఎస్ (పడుకునేటప్పుడు), ఎస్ఓఎస్ (అవసరమైతే), స్టాట్ (వెంటనే) ఇప్పటికీ మన ఊళ్లలో చీటీల మీద కనిపిస్తాయి. పూర్తి రూపం తెలిస్తే ప్రమాదం ఎక్కడుందో తెలుస్తుంది. ఓడీ అంటే ఓమ్ని డీయె, ప్రతిరోజూ. కళ్ల డాక్టరు చీటీలో అదే ఓడీ ఓకులుస్ డెక్స్‌టెర్, కుడి కన్ను. అందుకే చుక్కల మందు చీటీలో ఓడీ కనబడితే డాక్టర్‌ను అడగకుండా ఇవ్వకండి. క్యూడీ (రోజుకోసారి) గబగబా రాస్తే క్యూఐడీలా (నాలుగుసార్లు) కనబడుతుంది. అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2004లో క్యూడీని వాడకూడని పొట్టి రూపాల జాబితాలో పెట్టింది. మందు కవరు మీద "ఉదయం 1, రాత్రి 1, తిన్నాక" అని తెలుగులో రాయడమే మేలు.

లా చదవడానికి లాటిన్ తెలియాలా? (విశాఖపట్నం)

భాష అక్కర్లేదు, కొన్ని పదబంధాలు కచ్చితంగా తెలియాలి. రాజ్యాంగం 32, 226 అధికరణాల్లోని హెబియస్ కార్పస్, మాండమస్, ప్రొహిబిషన్, సెర్షియోరరీ, కో వారంటో రిట్లు, సివిల్ ప్రొసీజర్ కోడ్ 11వ సెక్షన్‌లోని రెస్ జుడికాటా (ఇప్పటికే తేలిన వ్యాజ్యం), మెన్స్ రియా (నేర ఉద్దేశం), రేషియో డెసిడెండి (తీర్పుకు ఆధారమైన కారణం) లాంటివి రోజూ తగులుతాయి. ప్రతిదానికీ అర్థం పక్కన ఒక తీర్పు రాసుకోండి. ఉత్త అర్థంతో వాడుక తెలియదు. లా ప్రవేశ పరీక్ష క్లాట్ 2020 నుంచి చదివి జవాబివ్వాల్సిన పేరాలతో వస్తోంది కాబట్టి మాగ్జిమ్‌ల (న్యాయ సూత్రాల) జాబితా బట్టీ పట్టడం సమయం వృథా. అమికస్ క్యూరీ (కోర్టుకు సాయపడే న్యాయవాది) ఒకరైతేనే అమికస్, ఇద్దరైతే అమిచీ అనో అమికీ అనో అనాలి. డిక్టా (తీర్పులో జడ్జి ప్రసంగవశాత్తు చేసిన వ్యాఖ్యలు) బహువచనం, ఒకటైతే డిక్టమ్.

ఎమ్మెస్సీ బోటనీ చేస్తున్నాను. మొక్కల పేర్లు రాసేటప్పుడు చివరలు తప్పుతున్నాయి. ఏదైనా సూత్రం ఉందా? (తిరుపతి)

ఉంది, చాలా చక్కనిది. మొక్క పేరులో మొదటి మాట ప్రజాతి (జీనస్) పేరు; రెండో మాట విశేషణమైతే అది ప్రజాతి పేరు లింగాన్ని అనుసరిస్తుంది. సాగు చేసేది అనే ఒకే విశేషణం దోసలో కుకుమిస్ సటైవస్, వరిలో ఒరైజా సటైవా, వెల్లుల్లిలో అల్లియం సటైవమ్. మీ శేషాచలం కొండల ఎర్రచందనం టెరోకార్పస్ శాంటాలినస్, రెండూ పుంలింగం. మోసపుచ్చేవి చెట్ల పేర్లు. ఫైకస్ చివర 'అస్' ఉన్నా లాటిన్ సంప్రదాయంలో స్త్రీలింగం కాబట్టి రావి ఫైకస్ రెలిజియోసా. పైనస్, ప్రూనస్, క్వెర్కస్ కూడా అంతే.

రెండో మాట మనిషి పేరుకు షష్ఠి అయితే లింగంతో మారదు. తిరుమల కొండల్లో పెరిగే సైకస్ బెడ్డోమీ అంటే బెడ్డోమ్ గారి సైకస్. సైకస్ పుంలింగమా స్త్రీలింగమా అనే ప్రశ్నే రాదు.

పరిశోధనలోకి వెళ్తే ఇంకో అవసరం ఉంది. 1935 నుంచి 2011 చివరి దాకా కొత్త మొక్క పేరు చెల్లాలంటే వర్ణన లాటిన్‌లో ఉండి తీరాల్సి వచ్చేది. 2012 జనవరి 1 నుంచి ఇంగ్లిష్ కూడా ఒప్పుకుంటున్నారు. అంటే ఇప్పుడు కొత్తగా లాటిన్ రాయక్కర్లేదు గానీ, ఆ డెబ్బై ఏడేళ్ల వర్ణనలు చదవాలి. వాటిలో క్రియలు తక్కువ, ఆకు, పువ్వు, కాయ భాగాల పేర్లు, వాటి విశేషణాలే ఎక్కువ. మూడు వర్గాల విభక్తులు వస్తే చదివేయొచ్చు.

ఇంట్లోనే సొంతంగా లాటిన్ నేర్చుకోవాలనుంది. ఎలా మొదలుపెట్టాలి? దీంతోనే ఉద్యోగం దొరుకుతుందా? (హైదరాబాద్)

వ్యాకరణం దారిలో వెళ్లాలనుకుంటే వీలాక్ పాఠ్యపుస్తకం, 40 అధ్యాయాలు. చదువుతూ నేర్చుకోవాలనుకుంటే ఓర్బెర్గ్ రాసిన, మొదటి వాక్యం నుంచీ పూర్తిగా లాటిన్‌లోనే ఉండే పుస్తకం, మొదటి భాగం 35 అధ్యాయాలు. రెండూ ఒకేసారి మొదలుపెట్టవద్దు. రోజుకు 40 నిమిషాలు, వారానికి ఒక అధ్యాయం సరిపోతుంది. చాలామంది పదో అధ్యాయం తర్వాత వదిలేస్తారు, ఎందుకంటే పట్టికలు చదివి వదిలేశారు గానీ చేత్తో రాయలేదు. తెలుగు వాక్యాలు రోజుకు ఐదైనా లాటిన్‌లోకి రాస్తేనే విభక్తులు నిలుస్తాయి.

కొత్త మాటలను నోటు పుస్తకంలో తెలుగు లిపిలో కూడా రాసుకోండి. లాటిన్‌లో అచ్చు పొట్టిదా పొడుగుదా అన్నదానితో అర్థం మారుతుంది, మామూలు రోమన్ అక్షరాల్లో అది కనబడదు. వెనిట్ అంటే వస్తాడు, వేనిట్ అంటే వచ్చాడు. మలుమ్ అంటే చెడు, మాలుమ్ అంటే ఆపిల్. పొపులుస్ అంటే ప్రజ, పోపులుస్ అంటే పోప్లర్ చెట్టు. హిందీ లిపిలోనైతే ఎ-ఏ, ఒ-ఓ తేడా చూపడం కష్టం, మన లిపిలో అది ఉండనే ఉంది.

ఉద్యోగం సంగతి. కేవలం లాటిన్‌తో మన దగ్గర అవకాశాలు చాలా తక్కువ. కాథలిక్ సెమినరీలు, చర్చి పత్రాలపై చేసే చరిత్ర పరిశోధన దాదాపు అంతే. అమెరికా, బ్రిటన్‌లలో స్కూళ్లలో లాటిన్ టీచర్లు ఉంటారు గానీ దానికి అక్కడి డిగ్రీ, టీచింగ్ అర్హత కావాలి. క్లాసిక్స్‌లో పీహెచ్‌డీ దాకా వెళ్లాలంటే ప్రాచీన గ్రీకు కూడా తప్పదు, వాటిపై వచ్చిన పరిశోధన చదవడానికి జర్మన్, ఫ్రెంచ్ చదవగలగాలి. ఆ దారి అనుకుంటే లాటిన్ రెండో ఏడాదిలోనే గ్రీకు మొదలుపెట్టండి. డిగ్రీ చివరికి వాయిదా వేస్తే దరఖాస్తు నాటికి గ్రీకు సరిపోదు.